షట్టర్ మేస్త్రీ బిగించిన సూర్యుడు

మెచ్చుకుంటే ఒళ్ళు మండే మనిషిని ఏమనాలి? గర్విష్ఠి అందామంటే, గర్విష్ఠికి పొగడ్తే పరమాన్నం. వినయవంతుడు అందామంటే, వినయం గలవాడు తల వంచుకుని ఊరుకుంటాడు గానీ పొగిడినవాడి మీదికి కయ్యానికి దిగడు. ఈ రెండూ కాని మూడో రకానికి మన భాషలో మాటేదైనా ఉందేమో, ఇన్నేళ్ళ చదువులో ఎక్కడా తగల్లేదు. షట్టర్ మేస్త్రీ ఆ మూడో రకం.

ఆయన మరదలు మాత్రం మాట కోసం వెతుక్కోలేదు. "మా బావ మనిషి కాదు, మేకు. గోడకి కొడితే గోడ పగులుతుంది గానీ మేకు వంగదు" అనేది. ఆవిడ ఊళ్ళోని సైన్సు మ్యూజియంలో గైడు. అక్కడి ఊడ్చేవాళ్ళ నుంచి పెద్దసారు దాకా అందరూ ఆవిణ్ణి గైడమ్మ అనేవాళ్ళు.

బజారులో దుకాణాలకి ఇనుప షట్టర్లు బిగించడం, పాడైతే బాగుచెయ్యడం మేస్త్రీ పని. మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. షట్టరు కిందికి లాగేటప్పుడు పైనున్న ఇనుప గొట్టం మీది స్ప్రింగు బిగుసుకుంటుంది. మర్నాడు పొద్దున్న షట్టర్ని తేలిగ్గా పైకి లేపేది ఆ బిగువే. నిన్న మనం పెట్టిన బలం రాత్రంతా ముడుచుకుని పడుకుని పొద్దున్నే లేచి మన పని మనకే చేసిపెడుతుందని కుర్రతనంలో తెగ మురిసిపోయాడట. ఆ మురిపెం ఒకసారి కొక్కెం జారినప్పుడు తీరింది. విప్పుకున్న స్ప్రింగు కొస తగిలి ఎడమ కనుబొమ్మ రెండు ముక్కలైంది. అప్పటి నుంచి ఆయన ముఖం ఎప్పుడు చూసినా ఎదుటివాడి మాట నమ్మనట్టే ఉండేది. నిజానికి నమ్మేవాడు కూడా కాదు.

ఒకసారి ఒక బట్టల దుకాణం తెరిచే రోజు. వీధిలో జనం. యజమాని ఒక్క వేలితో లేపితే షట్టరు సర్రున పైకి పోయింది. "భలే బిగించావయ్యా మేస్త్రీ! వెన్నలా లేచింది" అన్నాడాయన పాపం, సంతోషం పట్టలేక.

"ఎక్కడ లేచింది వెన్నలా? కుడిపక్క గీసుకుంటోంది. చెవులున్నాయా లేవా?" అన్నాడు మేస్త్రీ. అని, కొనడానికి వచ్చిన జనాన్ని ఎండలో నిలబెట్టి, షట్టరు మొత్తం కిందికి దింపి మళ్ళీ బిగించాడు. మొదటి బేరం కాస్తా పక్క దుకాణానికి పోయింది. మేస్త్రీ భార్య, అంటే గైడమ్మ అక్క, ఈ సంగతి చెల్లెలికి చెప్పుకుని నెత్తి కొట్టుకునేది. "ఆయన్ని ఏమైనా అను, తిట్టు, పళ్ళెం విసిరికొట్టు. బాగుందని మాత్రం అనకే తల్లీ. తోక తొక్కినట్టే."

ఇంత తెలిసీ గైడమ్మ ఆయన్ని మ్యూజియానికి పిలిచింది. కొరివితో తల గోక్కోవడమేనని ఆవిడకి అప్పుడే అనిపించింది. కానీ వేరే దారి లేదు.

మ్యూజియంలో కప్పీలు, తులామానాల గది దాటి వెనక్కి వెళ్తే సూర్యుడి గది వస్తుంది. గోడలకి నల్లరంగు. రబ్బరు వాసన, పాత పెయింటు వాసన. తిరిగినంతసేపూ మూలిగే ఫ్యాను ఒకటి. మధ్యలో మనిషెత్తు చెక్క సూర్యుడు, సగం కోసిన బంతిలా గోడకి ఆనించి ఉండేవాడు. ఆ సగం బంతిని అడ్డంగా పట్టీలు పట్టీలుగా చేశారు. పక్కనున్న పిడి తిప్పితే మధ్య పట్టీ వేగంగా, పైవీ కిందవీ నెమ్మదిగా తిరుగుతాయి. పై నుంచి కిందికి కట్టిన నారింజరంగు రబ్బరు గొట్టాలు ఆ తేడాకి మెలితిరిగి, బిగుసుకుని, చెక్కలోని సందుల్లోంచి కమానులా బయటికి పొంగుతాయి. ఇంకా తిప్పితే ఒక కొక్కెం జారి, గొట్టం టప్పున తెగినట్టు ఊడి, ఎర్రదీపం వెలుగుతుంది.

"చూశారా పిల్లలూ! సూర్యుడిలో అయస్కాంత రేఖ ఇలాగే మెలితిరిగి మెలితిరిగి తెగిపోతుంది. అదే సౌరజ్వాల!" అనేది గైడమ్మ. పిల్లలు గదంతా దద్దరిల్లేలా అరిచేవాళ్ళు. మళ్ళీ, మళ్ళీ అని పిడికి వేలాడేవాళ్ళు. ఆ వేలాటకే ఒకరోజు పిడి లోపలి ఇరుసు విరిగింది.

విరగడానికి అదా సమయం! మ్యూజియాన్ని చూసి ఏ గదులు ఉంచాలో, ఏవి తీసెయ్యాలో తేల్చడానికి ఒక కమిటీ వస్తోంది. సూర్యుడి గది ఎత్తేసి అక్కడ వీడియో ఆటలు పెట్టిద్దామని ఎవరో అప్పటికే వాళ్ళ చెవిలో ఊదారు. ఆ గది పోతే ఆ గది గైడూ పోతుంది. పెద్దసారు ఆవిణ్ణి పిలిచి, "యంత్రం తిరిగితే నువ్వుంటావు, తిరక్కపోతే నేనేం చెయ్యలేను" అని ఉన్నమాట చెప్పేశాడు. ఆవిడకి ఆ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు. పైగా ఆ నల్లగోడల గది తప్ప తనకంటూ వేరే చోటు ఉన్నట్టు కూడా ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

బావ వచ్చాడు. సంచీ కింద పెట్టి, చెక్క సూర్యుడి వెనక్కి దూరి, టార్చి వేసి చూసి, "ఇరుసుదేముంది, సాయంత్రానికి వేసేస్తా. ఇది షట్టరే కదా, గుండ్రంగా చేశారంతే" అన్నాడు.

గైడమ్మ గుండె కుదుటపడింది. ఆ కుదుటపడడం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

మ్యూజియానికి సలహాలిచ్చే కాలేజీ మేడం ఒకావిడ అప్పుడప్పుడూ వచ్చి పోతుండేది. ఆరోజు పక్కగదిలో పని చూసుకుని ఇటు తొంగిచూసింది. బావ చేతిలో ఊడిన గొట్టం ఉంది.

"అమ్మా, ఒక్క సందేహం. ఇది తెగాక ఈ రెండు కొసలూ ఏమవుతాయి?" అని అడిగాడు.

మేడం నవ్వింది. "మంచి ప్రశ్నే పట్టుకున్నారు. అసలు తెగవండీ. అయస్కాంత రేఖకి కొస అనేదే ఉండదు. యంత్రం చేసినవాళ్ళకి టప్పుమనడం కావాలి, అందుకని తెంపేశారు. ఎన్నోసార్లు చెప్పాను, ఎవరు వింటారు?"

"మరి తెగకుండా జ్వాలెలా వస్తుంది?"

ఇక చాలన్నట్టు గైడమ్మ గొంతు సవరించుకుంది. మేడం మాత్రం హాయిగా బెంచీ మీద కూర్చుని రెండు గొట్టం ముక్కలు చేతిలోకి తీసుకుంది.

"సూర్యుడు రాయి కాదు కదా, మండే వాయువు. మామూలు వాయువు కూడా కాదు, కరెంటు పారే వాయువు. అది ఎటు పోతే తనలోని అయస్కాంత రేఖల్ని అటే ఈడ్చుకుపోతుంది. నడుము దగ్గర వేగంగా తిరుగుతుంది, ధ్రువాల దగ్గర నెమ్మదిగా. దాంతో నిలువుగా ఉండాల్సిన రేఖలు నడుం చుట్టూ..."

"చుట్టుకుంటాయి. స్ప్రింగే!" అన్నాడు బావ.

"స్ప్రింగే అనుకోండి. అలా బిగువెక్కిన కట్టలు అక్కడక్కడా కమానుల్లా పైకి లేస్తాయి. కమానుకి రెండు కాళ్ళుంటాయి కదా, ఆ కాళ్ళు దిగిన చోట్లే సూర్యుడి మీది మచ్చలు. ఒక కాలు అయస్కాంతపు ఉత్తర ధ్రువంలాంటిది, ఇంకోటి దక్షిణం. అక్కడి అయస్కాంత బలం కింది వేడిని సరిగా పైకి రానివ్వదు. అందుకే చుట్టుపక్కల కంటే చల్లగా, నల్లగా కనిపిస్తాయి. ఆ కాళ్ళ కింద నేలా, అంటే వాయువు, ఊరుకోదు. జరుగుతూ, తిరుగుతూ కమానుని మెలిపెడుతూనే ఉంటుంది. పక్కనే ఇంకో కమాను లేచిందనుకోండి. దీని రేఖ దిగే చోట దాని రేఖ ఎక్కుతూ, రెండూ ఎదురెదురుగా ఒరుసుకున్నాయనుకోండి. అప్పుడు..." మేడం రెండు గొట్టాల్నీ దగ్గరికి తెచ్చి చేతులు మార్చింది. "జోడీలు మారిపోతాయి. దీని పై సగం దాని పై సగంతో, దీని కింది సగం దాని కింది సగంతో. తెగడం లేదు, అతుకు మారడమే. కొత్తగా అతికిన వాటికి అంత బిగువు ఉండదు."

"తగ్గిన బిగువు ఎక్కడికో పోవాలిగా?"

"అదేనండీ జ్వాల! అన్నాళ్ళు దాచుకున్నదంతా వేడి, వెలుతురు, ఎక్స్ కిరణాలు. ఎనిమిది నిమిషాల్లో మన దాకా వచ్చేస్తుంది. పెద్దదైతే ఇక్కడ రేడియోలు మూగబోతాయి."

మేడం వెళ్ళిపోయింది. గైడమ్మ ఆశగా ఇరుసు వైపు చూసింది.

"అయితే ఇన్నాళ్ళూ పిల్లలకి అబద్ధం చెప్తున్నావన్నమాట" అన్నాడు బావ.

"బావా! పిల్లలు సంతోషంగా ఉన్నారు, నేను సంతోషంగా ఉన్నాను, ఆ సూర్యుడికి కూడా అభ్యంతరం లేదు. నువ్వు ఇరుసు వెయ్యి."

"అబద్ధానికి ఇరుసు వెయ్యను."

ఆ రోజు నుంచి ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. పెద్దసారు ఎదురుపడితే "అయిపోతోంది సార్" అనడం, బావ దగ్గరికొచ్చి "ఇంకా ఎంత బావా" అనడం, ఆయన "పిల్లా, సూర్యుడితో వ్యవహారం, గొళ్ళెం బిగించడం కాదు" అనడం. ఈ మూడు మాటలతోనే రోజులు గడిచిపోయాయి. ఇంటికి వెళ్తే అక్క గోల.

"మంచం కోళ్ళకి రబ్బరు గొట్టాలు కట్టాడే! పొద్దున్న లేస్తూనే కాలు తగులుకుని పడ్డాను. ఏమిటిది అంటే కమానుట! నా నడుం కమానయింది ముందు!"

"నన్నెందుకే తిడతావు, మొగుడు నీవాడు."

"సూర్యుడు నీవాడు!"

చివరికి కుదిరింది. రెండు కమానులు పక్కపక్కనే లేచేలా చేశాడు. ఉత్తరానికి ఎరుపు, దక్షిణానికి నీలం చొప్పున కాళ్ళకి రంగులు వేశాడు. లోపలివైపు ఉండే రెండు కాళ్ళనీ మధ్యలో కోసి, ఆ కోతల దగ్గర చిన్న అయస్కాంతాలు పెట్టి అతికించాడు. పిడి తిప్పేకొద్దీ కమానులు లేచి, మెలిపడి, ఒకదానివైపు ఒకటి ఒరుగుతాయి. ఒకదాని నీలం కాలూ రెండోదాని ఎర్ర కాలూ తగలగానే అయస్కాంతాలు పాత జోడీ వదిలి కొత్త జోడీని పట్టుకుంటాయి. పై భాగం పెద్ద కమానై పైకి ఎగురుతుంది, కింది భాగం బుల్లి కమానై కిందికి ముడుచుకుంటుంది. దీపం వెలుగుతుంది. టప్పుమనదు. చిన్న విసురు, అంతే. చూసేవాడి గుండె మాత్రం ఒక్కక్షణం ఆగుతుంది.

మొదటిసారి చూసినప్పుడు గైడమ్మకి నోరు జారింది. "అబ్బ! ఎంత బాగుంది బావా!"

అనగానే నాలుక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైంది. కనుబొమ్మ రెండు ముక్కలూ ఒకదానికొకటి దూరంగా జరిగాయి. "ఎక్కడ బాగుంది? దీపం ముందు వెలుగుతోంది, జోడీ తర్వాత మారుతోంది. ఫలితం ముందు, కారణం తర్వాతానా? నీ కళ్ళు చూపించుకో ఎక్కడైనా" అని మొత్తం విప్పేశాడు. ఆవిడ వరండాలోకి వెళ్ళి గోడకి నుదురు ఆనించి నిలబడింది. అటుగా వెళ్తున్న పెద్దసారు "ఏమ్మా తలనొప్పా?" అని అడిగితే, "అవును సార్, లోపల పనిచేస్తోంది" అంది.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నకి అంతా సిద్ధంగా ఉంది. దీపం కూడా వెలగాల్సినప్పుడే వెలుగుతోంది. గైడమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, చెప్పాల్సిన మాటలు గొణుక్కుంటూ గదిలోకి వచ్చేసరికి బావ కుడివైపు కమాను ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"బావా!"

"అరవకు. గొట్టానికి సన్న చీలిక ఉంది."

"నాకు కనబడ్డం లేదు!"

"నీకు కనబడేదాకా ఆగితే తెగుతుంది."

"తెగనీ! సాయంత్రం తెగనీ, రేపు తెగనీ! గంటలో వాళ్ళొస్తారు. నీకు దణ్ణం పెడతాను, ఎలా ఉందో అలా బిగించు."

"దణ్ణం తర్వాత పెడుదువుగాని, ఆ పానా అందుకో."

కొత్త గొట్టం కోసి, అయస్కాంతాలు అతికి, రంగు టేపు చుట్టి, కమానుని స్థానంలో నిలిపి, మరలు బిగిస్తుండగానే వరండాలో బూట్ల చప్పుడు వినిపించింది. కమిటీ చెప్పిన వేళకి ముందే వచ్చేసింది. ముందున్న గదులు వాళ్ళకి విసుగు పుట్టించినట్టుంది.

"ఒక్కసారి తిప్పి చూడు" అని గుసగుసలాడింది గైడమ్మ.

"బిగించింది నేను" అన్నాడు బావ, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

కమిటీ అధ్యక్షుడు పొట్టిగా, లావుగా, హుషారుగా ఉన్నాడు. ఏ యంత్రం కనబడినా పిడి పట్టుకునే రకం. గైడమ్మ మాట మొదలుపెట్టే లోపే పిడి ఆయన చేతిలో ఉంది. పట్టీలు తిరిగాయి. గొట్టాలు మెలిపడ్డాయి. రెండు కమానులూ అందంగా పైకి లేచాయి, ఒకదానివైపు ఒకటి ఒరిగాయి, దగ్గరికొచ్చాయి.

వచ్చి, ఆగాయి. అలిగిన తోడికోడళ్ళలా చెరోవైపు తిరిగిపోయాయి.

"ఊఁ?" అన్నాడు అధ్యక్షుడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే. కమిటీలో ఎవరో ఆవలించారు. పెద్దసారు చూపు తప్పించుకోవడానికి గైడమ్మ కమానుల వైపు తిరిగింది.

అప్పుడు చూసింది. ఎరుపు, నీలం. నీలం, ఎరుపు. లోపలివైపు రెండు కాళ్ళూ నీలమే. నీలం, నీలం ఎదురుపడితే అయస్కాంతాలు నెట్టుకోక ఏం చేస్తాయి?

ఎలా జరిగిందో కూడా ఆవిడకి ఆ క్షణంలోనే అర్థమైంది. షట్టరుకి రెండు చివర్లా రెండు స్ప్రింగులుంటాయి. ఒకటి ఎడమచుట్టు, ఒకటి కుడిచుట్టు. అద్దంలో చూసుకున్నట్టు ఒకదానికొకటి ఎదురుగా బిగించకపోతే షట్టరు వంకరగా లేస్తుంది. జీవితమంతా అలా బిగించిన చెయ్యి. తొందరలో, తలతో పని లేకుండా, కుడి కమానుని కూడా ఎడమదానికి అద్దంలా బిగించేసింది. ప్రపంచంలో షట్టర్ మేస్త్రీ తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది.

బావ కూడా చూశాడు. "అయ్యా, అది..." అని నోరు తెరిచాడు.

"సరిగ్గా చూశారు సార్!" అంది గైడమ్మ, ఆయన మాట మీద తన మాట వేసి. గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడకే తెలియదు. "ఏమీ జరగలేదు కదా? సూర్యుడిలో మచ్చ కనబడగానే జ్వాల వస్తుందని అందరూ అనుకుంటారు. రాదు. చాలా మచ్చలు ఇలాగే లేస్తాయి, తిరుగుతాయి, చప్పుడు లేకుండా పోతాయి. ఎందుకో ఈ రంగులు చూడండి. లోపలి కాళ్ళు రెండూ నీలం. రెండిట్లోనూ రేఖలు కిందికే దిగుతున్నాయి. ఒకే దిక్కుకి నడిచేవాళ్ళకి గొడవేముంటుంది సార్? ఎదురొచ్చేవాళ్ళకే కదా భుజాలు తగిలేది!"

అధ్యక్షుడు పిడి వదిలేసి వంగి చూశాడు. ఆవలించినాయన కూడా ముందుకొచ్చాడు. "అంటే, భుజాలు తగలాలంటే?"

"ఒక కమాను తిప్పి బిగించాలి. మా మేస్త్రీ గారు బిగిస్తారు." ఆవిడ బావ వైపు చూడకుండానే పానా అందించింది.

బావ బిగించాడు. ఆ చేతులు అంత నెమ్మదిగా కదలడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు లోపలివైపు ఒక నీలం, ఒక ఎరుపు. అధ్యక్షుడు ఊపిరి బిగబట్టి పిడి తిప్పాడు. కమానులు లేచాయి, మెలిపడ్డాయి, ఒరిగాయి, తగిలాయి. జోడీలు మారాయి. పెద్ద కమాను ఎగిరింది, బుల్లిది ముడుచుకుంది, నల్లగోడలన్నీ ఎర్రబడ్డాయి. అంతమంది పెద్దవాళ్ళూ బడిపిల్లల్లా చప్పట్లు కొట్టారు.

"ఎవరయ్యా ఇది చేసింది? నువ్వేనా?" అధ్యక్షుడు బావ భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం బుర్రయ్యా! అందరూ పేలేదే చూపిస్తారు. పేలనిది ముందు చూపించి, ఎందుకు పేల్లేదో అడిగేలా చేశావు చూడు, అదీ గొప్ప!"

"గొప్పా లేదు, పాడూ లేదు. అది తప్పు" అన్నాడు బావ. "తప్పు బిగించాను. షట్టర్ల అలవాటు. చెయ్యి దానంతటదే..."

"చూశారా, చూశారా!" అధ్యక్షుడు మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "నిజంగా పనిమంతులు ఇలాగే ఉంటారు. నా అంతటివాడు లేడనేవాళ్ళని రోజూ చూస్తున్నాం. ఈయన్ని చూడండి, తప్పంటున్నాడు!"

"అయ్యా, వినయం కాదండీ! పొద్దున్నే నేను కుడిది ఊడదీసి..."

"చాల్లే, చాల్లే." అధ్యక్షుడు నవ్వుతూ భుజం తట్టాడు. అందరూ నవ్వారు. బావ చూపు వాళ్ళందర్నీ దాటి మరదలి మీద నిలిచింది. అక్కడ జరిగిందేమిటో తనతో పాటు తెలిసింది ఆవిడ ఒక్కదానికే. ఆవిడ ఒక్కమాట అంటే చాలు, అవును సార్, పొరపాటే అని. ఆ మాటతో యంత్రమూ పోదు, జ్వాలా ఆరదు. కానీ పెద్దసారు ముఖం అప్పుడప్పుడే విచ్చుకుంటోంది. కమిటీలో ఒకాయన ఏదో రాసుకుంటున్నాడు. వాళ్ళ మనసు ఏ గాలికి ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు?

"మా బావ ఎప్పుడూ ఇంతే సార్" అంది గైడమ్మ నవ్వుతూ. "మెచ్చుకుంటే ఒప్పుకోడు."

గది మళ్ళీ నవ్వింది. అధ్యక్షుడు పెద్దసారుతో అన్నాడు: "ఈ గది ఉంటుంది. ఈ అమ్మాయీ ఉంటుంది. ఇంత బాగా చెప్పేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? ఇంకో మాట. రోజూ ఇలాగే చూపించాలి. ముందు అలా తిప్పి బిగించి, తర్వాత ఇలా. గోడ మీద ఈ మేస్త్రీ పేరు కూడా రాయించండి."

గైడమ్మకి ఇన్నాళ్ళ బిగువూ ఒక్కసారిగా వదిలేసరికి నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియలేదు. కమిటీ తర్వాతి గదికి కదిలింది. పెద్దసారు కళ్ళతోనే రమ్మన్నాడు. వాళ్ళకి దారి చూపిస్తూ, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

బావ యంత్రం ముందు నిలబడి ఉన్నాడు. కుడి కమాను మీద చెయ్యి వేసి, మర సరిగా బిగిసిందో లేదో ఒకసారి చూశాడు. బిగిసినట్టుంది. సంచీ భుజాన వేసుకున్నాడు.

"బావా, ఉండు! వీళ్ళని సాగనంపి వచ్చేస్తా. ఇద్దరం కలిసి భోంచేద్దాం."

అక్కాబావల ఇంట్లో ఎవరూ మూల మీది దుకాణానికి వెళ్ళినా వెళ్ళొస్తానని చెప్పకుండా గడప దాటరు. ఆయన అవతలి గుమ్మంలోంచి, లోపలికి వస్తున్న బడిపిల్లల వరసకి పక్కగా ఒదిగి దారిచ్చి, తల తిప్పకుండా వరండాలోకి నడిచాడు. ఆవిడ ఇంకోసారి పిలిచింది. పిల్లల గోలలో ఆ పిలుపు ఆయనకి వినిపించిందో లేదో గానీ, మెట్లు దిగి, గేటు దాటి, ఎండలో బజారు వైపు వెళ్ళిపోయాడు.